కొండ దిగాలంటే భయమా? ముందు ఆగడం నేర్చుకోండి

విజయవాడ, గుంటూరు పరిసరాల్లో గేర్ల సైకిళ్లు కొన్నవారిలో చాలామంది ఉండవల్లి కరకట్ట మీద గంటల తరబడి హాయిగా తొక్కుతారు. ఎవరైనా కొండపల్లి కోట పేరో కొండవీడు పేరో ఎత్తితే మాత్రం వెనక్కి తగ్గుతారు. ఎక్కలేమని కాదు. ఎక్కడం కాళ్ల సత్తువకు సంబంధించిన విషయం, ఆయాసం వస్తే దిగి నిలబడవచ్చు. దిగేటప్పుడు అలా ఉండదు. సైకిల్ దానంతటదే పరుగెడుతుంది, గాలి చెవుల్లో హోరుమంటుంది, ముందున్న మలుపు మీదికి వచ్చేస్తుంది. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కిందికి చేరాక, మళ్లీ ఈ జోలికి రాకూడదనుకుంటారు.

ఈ భయం పిరికితనం కాదు. దాన్ని విప్పి చూస్తే లోపల ఉండేది ఒకే ప్రశ్న: కావాలనుకున్న చోట నేను ఆగగలనా? దానికి నోటితో ఎన్ని జవాబులు చెప్పుకున్నా లాభం లేదు, చేతులకు తెలియాలి. అందుకే ఈ మార్గదర్శిలో ధైర్యవచనాల కంటే బ్రేకుల గురించే ఎక్కువ చెబుతాను. ఒక్క వారంలో అయ్యే పని కాదు కాబట్టి తొందరపడకండి.

భయపడినప్పుడు ఒంట్లో జరిగేది

భయం వేయగానే మనం మూడు పనులు తెలియకుండానే చేస్తాం. ఊపిరి బిగపడతాం, మోచేతులు కర్రల్లా చాచి హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకుంటాం, దేన్ని చూసి భయపడుతున్నామో దాన్నే కన్నార్పకుండా చూస్తాం. ఈ మూడూ సైకిల్‌కు హాని చేసేవే. చేతులు బిగిస్తే రోడ్డు మీద ప్రతి చిన్న కుదుపూ నేరుగా హ్యాండిల్‌కు చేరి ముందు చక్రం వణుకుతుంది. ఆ వణుకు చూసి భయం రెట్టింపవుతుంది. ఇక చూపు ఎటు నిలిస్తే సైకిల్ అటే పోతుంది. గుంతనే చూస్తూ వచ్చినవాళ్లు సరిగ్గా ఆ గుంతలోనే పడడం సైకిల్ తొక్కేవారందరికీ తెలిసిన సంగతే.

అంటే భయం మనసులో పుట్టినా, ప్రమాదం తెచ్చేది ఒంటి బిగువు. మనసును అదుపు చేయడం కష్టమే గాని మోచేతులను వంచడం ఎవరైనా చేయగల పని. అక్కడి నుంచే మొదలుపెడదాం.

మొదటి అడుగు: సైకిల్ మీద నమ్మకం కుదరాలి

బ్రేకుల మీద అనుమానం ఉన్నంతకాలం భయం పోదు, పోకూడదు కూడా. ఇంటి దగ్గరే పది నిమిషాలు కూర్చుని చూసుకోండి.

బ్రేకు పిడిని గట్టిగా నొక్కండి. అది హ్యాండిల్‌కు తగిలిపోతే వైరు వదులైనట్టు. పూర్తిగా నొక్కినా పిడికీ హ్యాండిల్‌కూ మధ్య కనీసం ఒక వేలు పట్టేంత సందు మిగలాలి. తరువాత బ్రేకు రబ్బర్లను దగ్గరగా చూడండి. కొత్త రబ్బరు మీద అడ్డంగా చిన్న చిన్న గాళ్లు ఉంటాయి. అవి అరిగి నున్నగా అయ్యాయంటే మార్చాల్సిందే. రబ్బరులో మెరిసే లోహపు ముక్కలు ఇరుక్కుని ఉంటే సన్నని మొనతో తీసేయండి, లేకపోతే అవి రిమ్మును కోసేస్తాయి. రబ్బరు రిమ్ముకే ఆనాలి. పైకి జరిగి టైరును రాస్తుంటే దిగే దారిలో టైరు పగలవచ్చు. చివరగా వైరును బోల్టుతో బిగించిన చోటు చూడండి. అక్కడ ఒక్క పోగు తెగి బయటికి పొడుచుకొచ్చినా ఆ వైరు కొండకు పనికిరాదు. డిస్క్ బ్రేకులున్న సైకిలైతే డిస్కు మీద నూనె మరక పడకుండా చూసుకోవాలి. చైనుకు నూనె వేసిన చేత్తో డిస్కును ముట్టుకోకండి.

ఇనుప కడ్డీల బ్రేకులుండే పాత నల్ల సైకిల్ మీద కొండ దిగడానికి నేను ఒప్పుకోను. స్టీలు రిమ్ము తడిస్తే ఆ బ్రేకులు దాదాపు పట్టవు.

ఏ చేతి బ్రేకు ఏ చక్రానిదో కూడా తేల్చుకోవాలి. మన దేశంలో అమ్మే సైకిళ్లలో ఎక్కువగా కుడిచేతిది ముందు చక్రానికి ఉంటుంది, కొన్ని గేర్ల సైకిళ్లలో ఎడమచేతిది ఉంటుంది. సైకిల్‌ను నడిపిస్తూ ఒక్కో పిడీ నొక్కి చూస్తే తెలిసిపోతుంది. వేరేవాళ్ల సైకిల్ తీసుకున్నప్పుడల్లా ఇలా చూడటం అలవాటు చేసుకోండి.

సీటును మామూలు కంటే రెండు మూడు సెంటీమీటర్లు దించండి. సీటు మీద కూర్చునే ఉండగా రెండు పాదాల మునివేళ్లూ నేలకు ఆనుతున్నాయంటే సగం బెరుకు అక్కడే తగ్గుతుంది. ఎక్కేటప్పుడు మోకాళ్లకు కొంచెం శ్రమ అవుతుంది, నేర్చుకునే రోజుల్లో అది ఓర్చుకోదగిందే. హెల్మెట్ కనుబొమలకు రెండు వేళ్ల పైన, నుదురును కప్పుతూ ఉండాలి. వెనక్కి వాలి ఉన్న హెల్మెట్ ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే. చేతులకు గ్లవ్స్ వేసుకోండి. పడినప్పుడు మొదట నేలను తాకేవి అరచేతులే.

రెండో అడుగు: సమతలం మీద ఆగడం

నన్నడిగితే ఈ మొత్తంలో దీనికే ఎక్కువ సమయం ఇవ్వాలి. చాలామంది ఇది వదిలేసి నేరుగా కొండకు పోతారు. భయం ముదిరేది అందుకే.

తెల్లవారుజామున ఖాళీగా ఉండే తారు లేదా సిమెంటు స్థలం ఒకటి చూసుకోండి. సుద్దముక్కతో నేల మీద అడ్డంగా ఒక గీత గీయండి. జాగింగ్ చేసేవాళ్ల వేగంతో వచ్చి, గీత దగ్గర వెనుక బ్రేకు మాత్రమే వేయండి. ఎక్కడ ఆగారో మరో గీత పెట్టండి. తరువాత అదే వేగంతో వచ్చి ముందు బ్రేకు మాత్రమే, మెల్లగా పిండుతూ వేయండి. రెండో గీత కంటే బాగా ముందే ఆగుతారు. చివరగా రెండూ కలిపి వేయండి. ఆగిన మూడు చోట్లనూ కళ్లతో చూసుకుంటే, ముందు బ్రేకు విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు.

చిన్నప్పటి నుంచి మనకు పెద్దవాళ్లు ఒకటే చెబుతూ వచ్చారు: ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడతావు. ఆ మాటలో సగం నిజం ఉంది. బ్రేకు పడగానే సైకిల్ ఆగాలని చూస్తుంది, ఒంటి బరువు మాత్రం ముందుకు పోతూనే ఉంటుంది. దాంతో ముందు చక్రం మీద బరువు పెరిగి దానికి పట్టు ఎక్కువవుతుంది. వెనుక చక్రం తేలికై, కొంచెం ఎక్కువ నొక్కితే చాలు జారుతుంది. వాలులో ఈ తేడా ఇంకా పెరుగుతుంది. కాబట్టి కొండ దిగేటప్పుడు వెనుక బ్రేకునే నమ్ముకున్నవాళ్లు, పట్టు తక్కువ ఉన్న చక్రాన్ని నమ్ముకున్నట్టే. పల్టీ కొట్టేది ముందు బ్రేకును ఒక్కసారిగా లాగినప్పుడు, అదీ చేతులు వదులుగా ఉండి ఒళ్లు ముందుకు విసిరినట్టు పోయినప్పుడు. నిమ్మకాయ పిండినట్టు క్రమంగా ఒత్తిడి పెంచుతూ, అదే సమయంలో నడుమును సీటు వెనక్కి జరిపి, అరచేతులతో హ్యాండిల్‌కు దన్ను ఇస్తే ఆ ప్రమాదం చాలావరకు తప్పుతుంది.

వెనుక చక్రం జారితే ఎలా ఉంటుందో కూడా ఇక్కడే రుచి చూడండి. మట్టి నేల మీద నిదానంగా పోతూ వెనుక బ్రేకు గట్టిగా వేయండి. చక్రం ఈడ్చుకుంటూ పక్కకు పోతుంది. వెంటనే బ్రేకు వదలండి, చక్రం తిరగడం మొదలై సైకిల్ సర్దుకుంటుంది. జారినప్పుడు ఇంకా గట్టిగా నొక్కాలనే మనకు అనిపిస్తుంది, చేయాల్సింది దానికి వ్యతిరేకం. ఇది చేతులకు అలవాటయ్యేదాకా చేయండి.

ఇదంతా ఎందుకో ఒక చిన్న లెక్క చూస్తే అర్థమవుతుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో ఒక్క సెకనుకు సుమారు ఐదున్నర మీటర్లు పోతాం, 40 కిలోమీటర్ల వేగంలో 11 మీటర్లు. ఏదో అడ్డం వచ్చిందని గ్రహించి వేళ్లు కదిలేసరికే ఆ దూరం అయిపోతుంది. ఇక బ్రేకు పట్టాక ఆగడానికి పట్టే దూరం వేగంతో పాటు రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. 20 వేగంలో నాలుగు మీటర్లలో ఆగే మనిషికి 40 వేగంలో 16 మీటర్లు కావాలి. అన్నీ కలిపితే మొదటి దానిలో తొమ్మిదిన్నర మీటర్లు, రెండో దానిలో 27. ఇది సమతలం లెక్క, వాలులో ఇంకా ఎక్కువ. నూరు మీటర్లకు ఎనిమిది మీటర్లు దిగే రోడ్డు మీద బ్రేకు ముట్టకుండా వదిలేస్తే, నిటారుగా కూర్చున్న మనిషి కూడా 40 సులువుగా దాటేస్తాడు.

అందుకే కొత్తవారికి నేను చెప్పేది ఇది: పెరిగిన వేగాన్ని తగ్గించడం కంటే వేగాన్ని పెరగనివ్వకపోవడం తేలిక. వాలు మొదలైన తొలి పది మీటర్లలోనే బ్రేకులు పట్టి చూసుకోండి. అక్కడ మీ చేతిలో ఉన్న వేగం చివరిదాకా మీ చేతిలోనే ఉంటుంది.

మూడో అడుగు: వాలు మీద ఒళ్లు ఎలా ఉండాలి

పెడళ్లు రెండూ నేలకు సమాంతరంగా, ఒకటి ముందు ఒకటి వెనుక ఉండాలి. బరువు సీటు మీద కంటే పాదాల మీద ఎక్కువ ఉండాలి, కుదుపు వచ్చినప్పుడు నడుము ఒక అంగుళం పైకి లేవగలగాలి. మోకాళ్లు, మోచేతులు కొద్దిగా వంగి ఉండాలి. రెండు చేతుల చూపుడువేలు, మధ్యవేలు ఎప్పుడూ బ్రేకు పిడి మీదే ఉండాలి, మిగతా వేళ్లతో హ్యాండిల్ పట్టుకోవాలి. హ్యాండిల్ వణుకుతున్నట్టు అనిపిస్తే రెండు మోకాళ్లతో సైకిల్ నడిమి గొట్టాన్ని అదిమి పట్టండి, వణుకు తగ్గుతుంది. చైను పెడళ్ల దగ్గరి పెద్ద పళ్లచక్రం మీద ఉంటే అది ఎగిరిపడకుండా బిగువుగా ఉంటుంది.

చూపు ముందు చక్రం మీద కాదు, మూడు నాలుగు సెకన్ల తరువాత మీరు చేరబోయే చోట ఉండాలి.

ఊపిరి సంగతి చెప్పాలి. దిగేటప్పుడు సన్నగా కూనిరాగం తీయండి. రాగం తీస్తూ ఊపిరి బిగపట్టడం కుదరదు. గొంతు ఆగిపోయిందంటే ఒళ్లు బిగుసుకుంటోందని మీకే తెలుస్తుంది, వెంటనే వేగం తగ్గించండి.

నాలుగో అడుగు: భయాన్ని మెట్లుగా విడగొట్టడం

1950ల్లో జోసెఫ్ వోల్పే అనే మనోవైద్యుడు భయాలకు ఒక చికిత్స పద్ధతి రూపొందించాడు. భయపెట్టేదాన్ని చిన్నచిన్న మెట్లుగా విడగొట్టి, ఒళ్లు సడలించుకుంటూ, కింది మెట్టు దగ్గర భయం చల్లబడ్డాకే పై మెట్టు ఎక్కడం అందులోని సారం. సైకిల్‌కు అది అతికినట్టు సరిపోతుంది.

ఒక కాగితం తీసుకుని మీకు తెలిసిన వాలులన్నీ రాసి, ఒక్కోదానికి సున్నా నుంచి పది వరకు భయం మార్కులు వేయండి. మూడు మార్కుల వాలుతో మొదలుపెట్టండి. కృష్ణ ఒడ్డున కరకట్ట మీది నుంచి ఊళ్లలోకి, పొలాల్లోకి పోయే చిన్న దిగుడు దారులు దీనికి చాలా అనువైనవి. నాలుగు పెడళ్లు తొక్కేలోపు అయిపోతాయి, కింద మళ్లీ సమతలమే. కార్లు వేగంగా వచ్చే చోటు కాకుండా నిర్మానుష్యంగా ఉన్న దిగుడు వెతుక్కోండి. సగం దూరంలో పూర్తిగా ఆగి, కాలు కింద పెట్టి, మళ్లీ కదలండి. వాలు మధ్యలో ఆగి బయలుదేరగలిగారంటే, ఆగగలనా అన్న మొదటి ప్రశ్నకు చేతులు జవాబు చెప్పడం మొదలుపెట్టినట్టు. భయం ఒకటికో రెండుకో దిగేదాకా అక్కడే తిరగండి. విసుగు పుడితే ఇంకా మంచిది, విసుగు పుట్టిన చోట భయం ఉండదు.

తరువాతి మెట్టు ఘాట్ రోడ్డు అడుగుభాగం. ఇక్కడ ఒక నియమం పెట్టుకోండి: తొక్కుతూ ఎక్కినంత మేరే దిగాలి. కారులో కొండపైకి సైకిల్ తీసుకెళ్లి అక్కడి నుంచి దిగడం మొదట్లో వద్దు. ఎక్కేటప్పుడు నిదానంగా పోతాం కాబట్టి ప్రతి గుంత, ఇసుక మేట, తారు లేచిపోయిన చోటు కంటబడతాయి. మొదటి రోజు తొలి మలుపు దాకా ఎక్కి తిరిగి రండి. తరువాత రెండో మలుపు దాకా. పైభాగం ఎప్పుడు చేరతారన్నది ముఖ్యం కాదు.

భయం పతాకస్థాయిలో ఉన్నప్పుడు సైకిల్ పక్కన పడేసి ఇంటికి వెళ్లిపోకండి. అలా చేస్తే పారిపోవడమే మందు అని మనసు నేర్చుకుంటుంది. ఆగండి, నీళ్లు తాగండి, గుండె నెమ్మదించాక అదే ముక్కను నడిపించుకుంటూ అయినా దిగి, దానికంటే చిన్న వాలును ఒకసారి తొక్కి ఆ రోజు ముగించండి.

ఐదో అడుగు: మలుపు

మలుపులో చేయాల్సిన పనుల్లో సగం మలుపు రాకముందే అయిపోవాలి. బ్రేకు తిన్నగా ఉన్న రోడ్డు మీదే వేసి, నడక కంటే కొంచెం ఎక్కువ అనిపించేంతకు వేగం తగ్గించండి. మలుపులోకి వంగాక ముందు బ్రేకు గట్టిగా పట్టుకుంటే చక్రం పక్కకు జారిపోతుంది, ఆ జారుడును సర్దుకోవడం ఎంత అనుభవం ఉన్నవారికైనా కష్టమే.

తరువాత కాళ్లు. ఎడమకు తిరుగుతుంటే కుడి పెడలు కిందికి, కుడికి తిరుగుతుంటే ఎడమ పెడలు కిందికి. అంటే మలుపుకు బయటివైపు పాదం కింద ఉండాలి, బరువంతా దాని మీద నిలబడ్డట్టు తొక్కిపట్టాలి. ఇలా చేస్తే టైర్లు రోడ్డును గట్టిగా పట్టుకుంటాయి, లోపలి పెడలు నేలకు తగలదు. తల తిప్పి మలుపు ముగిసే చోటు వైపు చూడండి. లోయ వైపు కాదు, రక్షణ గోడ వైపూ కాదు.

ఎడమ, కుడి మలుపులు రెండూ ఒకటి కావు. మనం ఎడమపక్క పోతాం కాబట్టి ఎడమ హెయిర్‌పిన్ (పూర్తిగా వెనక్కి తిరిగే) మలుపులో మనకు దక్కేది లోపలి అంచు. అక్కడ వాలు అన్నిటికంటే నిటారుగా ఉంటుంది, అందుకే వేగం ఇంకా తగ్గించుకుని వెళ్లాలి. ఎదురుగా ఎక్కే కార్లు మలుపును అడ్డంగా కోసుకుంటూ మన పక్కకు వస్తుంటాయి. కనబడని మలుపుకు ముందు బెల్లు కొట్టండి, గట్టిగా కేకవేసినా తప్పులేదు. కుడి మలుపులో దారి వెడల్పుగా ఉన్నట్టు అనిపిస్తుంది, వేగం ఎక్కువైతే రోడ్డు ఎడమ అంచుకు కొట్టుకుపోతాం. సన్న కంకర, ఎండుటాకులు పేరుకునేది ఆ అంచుల్లోనే. ఏ మలుపులోనైనా మధ్యగీత దాటి కుడివైపుకు పోకూడదు.

వెనుక నుంచి బస్సో కారో హారన్ కొడితే కంగారుపడి వేగం పెంచకండి. తిన్నని చోట ఎడమకు ఆగి వాటిని పోనివ్వండి.

ఎక్కడ, ఎప్పుడు

విజయవాడ నుంచి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న కొండపల్లి కోట దారి, గుంటూరు వైపు వారికి కొండవీడు ఘాట్, నరసరావుపేట దగ్గర కోటప్పకొండ ఘాట్ మంచి గమ్యాలు. కొండవీడు, కోటప్పకొండ 2022లో కొత్త జిల్లాలు వచ్చాక పల్నాడులోకి వెళ్లినా గుంటూరు సైకిల్ మిత్రులకు అవి సొంత కొండల్లాంటివే. రెడ్డిరాజుల రాజధానిగా వెలిగిన కొండవీడు దారి ఎక్కుతుంటే చుట్టూ కనబడే మైదానం చూడటానికే వెళ్లవచ్చు. అయితే అక్కడికి చేరాలంటే లారీలు తిరిగే 16వ నంబరు జాతీయ రహదారి మీద పోవాల్సి వస్తుంది. నేర్చుకునే రోజుల్లో సైకిళ్లను ట్రాలీ ఆటోలో కొండ అడుగుదాకా తీసుకెళ్లడం మేలు. కోట ప్రవేశ సమయాలు ముందే కనుక్కోండి.

ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డును అభ్యాసానికి వాడకండి. అది భక్తుల దారి. శివరాత్రి రోజుల్లో కోటప్పకొండకూ ఇదే మాట.

వానాకాలంలో కొండలకు విరామం ఇవ్వండి. 2020 అక్టోబరులో దసరా ఉత్సవాలు జరుగుతుండగా ఇంద్రకీలాద్రి మీద కొండచరియలు విరిగిపడ్డాయి. తడిసిన కొండల పక్కన ఆ ముప్పు ఎక్కడైనా ఉంటుంది. అనుకోకుండా వానలో చిక్కుకుంటే, అవసరం రాకముందే బ్రేకులను తేలికగా పట్టి ఉంచి రిమ్ము మీది నీటిని తుడిచేయండి. వేగం సగానికి తగ్గించండి. వేసవిలో ఎండ ముదరకముందే కిందికి చేరాలి. ఇక్కడి రాతి కొండలు తొమ్మిదింటికే సెగలు కక్కుతాయి, ఒళ్లు సోలిపోయిన మనిషి చేతులు బ్రేకు మీద ఆలస్యంగా కదులుతాయి. చలికాలం పొద్దున్నే కృష్ణ పక్కన మంచు దట్టంగా పడితే అది విడిపోయేదాకా ఆగండి. దిగాక డిస్కును, రిమ్మును ముట్టుకోవద్దు, చెయ్యి కాలుతుంది.

ఇంకా రెండు విషయాలు

ఒకసారి పడిన తరువాత మొదలైన భయమైతే, పడిన చోటికే ముందుగా వెళ్లాలన్న పట్టుదల వద్దు. చిన్న వాలుల నుంచి మళ్లీ మెట్లు కట్టుకోండి. సైకిల్ మీద లేనప్పుడు కూడా ఆ దృశ్యం కళ్ల ముందు తిరిగి నిద్ర పట్టకపోతే మానసిక వైద్యులను కలవండి. భయం లేకుండానే ఎత్తులో తల తిరుగుతుంటే అది వేరే సమస్య, చెవి లేదా రక్తపోటు పరీక్ష చేయించుకున్నాకే కొండ సంగతి చూడాలి.

ఇక తోడు వచ్చేవారికి ఒక మాట. భయపడే వ్యక్తిని వెనుక వదిలి మీరు దూసుకుపోతే, అందుకోవాలనే ఆరాటంలో వారు తమ అదుపులోని వేగాన్ని వదులుకుంటారు. వెనుకే ఉండి "ఏం కాదు, వదిలెయ్" అని తరమడం ఇంకా చెడ్డది. ఇరవై మీటర్లు ముందుండండి, వారి వేగానికి మించి పోకండి, గుంతో కంకరో కనబడితే చేయి చాచి చూపించండి. మలుపు దాటాక సురక్షితమైన చోట ఆగి వారు వచ్చేదాకా వేచి ఉండండి. వారు దిగి నడిపించుకుంటానంటే, మీరు కూడా దిగి నడవండి.